ముక్కు దించిన బండి

మంచినీళ్లపేట ఒడ్డు నుంచి

చిరంజీవి కొండబాబుకి, మీ అక్క మొగుడు ఢిల్లీరావు దీవించి రాస్తున్నాను.

ఫోన్ ఉండగా కాగితమేమిటని నవ్వకు. మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే ముందు కుశలం, తర్వాత కోపం, ఆ తర్వాత టక్కున కట్ చేసుకోవడం. "ఇకమీదట ఏటున్నా రాసుకోండి, నా సెవులు సిల్లులు పడిపోతన్నాయి" అని మీ అక్క మహాలక్ష్మి తీర్పు చెప్పేసింది. ఉత్తరం మధ్యలో నువ్వు అడ్డు తగల్లేవు కనుక నాకూ ఇదే బాగుంది.

విషయం మన పికప్ గురించి. నా మోకాళ్ళు ఇక సముద్రానికి పనికిరావని తేలాక పడవ అమ్మి కొన్న బండి. అప్పటికే పాతది. చీకటితోనే ఒడ్డున చేపల గంపలు ఎక్కుతాయి, గంపల పక్కన ఆడవాళ్ళు ఎక్కుతారు. నూకాలమ్మ పిన్ని ఎక్కగానే గంపకి ఒరిగి నిద్రపోతుంది. జీడితోటల మధ్య మంచులో బండి ఊగుతూ పోతుంటే, డ్రైవర్ రాజేష్ పక్కన కూర్చున్న నాకు కింద ఉన్నది రోడ్డని గుర్తుండదు. అప్పుడప్పుడు చెయ్యి బయటపెట్టి నీళ్ళు తగులుతాయేమో అని చూస్తాను. కాశీబుగ్గ బజారులో జీడిపిక్కలు కాల్చే వాసన వస్తే గానీ ఒడ్డు చేరామని తెలియదు.

కానీ బరువు మోసే కమాన్లు, అవే స్ప్రింగు పట్టీలు, చచ్చిపోయాయి. ఇసుక దారిలో బండి అడుగు రాసుకుంటోంది. షాకబ్జర్లు ఉన్నాయో లేవో దేవుడికే తెలియాలి. రాజేష్‌తో టెక్కలిలో నీ షెడ్డుకి పంపుతున్నాను, బండిని కాస్త ఎత్తు లేపి పంపు.

నీ మేలు కోరే బావ,
ఢిల్లీరావు

తా.క. ఈ కాగితం చేపల గంప మీద పెట్టుకుని రాశాను. వాసన వస్తే తప్పు నా రాతది కాదు.

—

టెక్కలి షెడ్డు నుంచి

గౌరవనీయులైన బావగారికి, మీ బామ్మర్ది కొండబాబు రెంచీ పక్కన పెట్టి నమస్కరిస్తున్నాడు.

బండి చూశాను. దాని షాకబ్జర్లు ఎప్పుడో కాలం చేశాయి, మీకు కబురు అందలేదంతే. కొత్తవి వేశాను. బరువంతా వెనకే పడుతుంది కనుక వెనక ఎత్తు కమాన్లు బిగించాను. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కాస్త పైకి కనిపిస్తుంది. కంగారు పడకండి, చేపలు ఎక్కితే సమానంగా వచ్చి కూర్చుంటుంది. లోకంలో ఇలాంటి బళ్ళన్నీ అంతే.

అక్కని అడిగానని చెప్పండి.

ఇట్లు మీ కొండబాబు

తా.క. మీ ఉత్తరం జేబులో పెట్టుకున్న దగ్గర్నుంచి షెడ్డులో పిల్లి నా వెంటే తిరుగుతోంది.

—

మంచినీళ్లపేట

కొండబాబుకి, (చిరంజీవి అనడం ఈసారికి ఆపాను)

ఎత్తమంటే తోక పట్టుకుని ఎత్తావేమిటయ్యా? ముక్కు నేల చూస్తోంది. నూకాలమ్మ పిన్ని గంప దించేసి, "ఏటిరా ఇది, మునిగిపోతన్న పడవలాగుంది! ముక్కు దించినదాన్నెక్కి ఎవరైనా బేరానికెల్తారా? నానెక్కను" అంది. ఆవిడ ఎక్కకపోతే మిగతావాళ్ళూ ఎక్కరు. పడవ ముక్కు అలకంటే పైన ఉండాలని ఈ ఒడ్డున పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా?

సరే, మేమే ఒక చిన్న సర్దుబాటు చేసుకున్నాం. ముక్కు లేచింది, ఆడవాళ్ళు ఎక్కారు. కానీ ఊరు దాటకముందే వెనక అడుగు మళ్ళీ ఇసుకకి రాసుకుంది. అంటే నీ కొత్త కమాన్లు కుంగుతున్నాయి. సొంత బావకి నాసిరకం సరుకు వేస్తావా?

బండి ఖాళీ చేసి పంపుతున్నాను, చూడు.

ఢిల్లీరావు

తా.క. మీ అక్క నీకు ఎండు నెత్తళ్ళ చేపలు కట్టింది. నేను విప్పేశాను.

—

టెక్కలి

బావగారికి,

నా కమాన్లు కుంగవు. నా షెడ్డులో బిగించిన కమాన్ల మీద కంకర లారీలు ఒడిశా దాకా పోయి వస్తున్నాయి. మీ బండి ఇక్కడికి దర్జాగా తోక ఎత్తుకునే వచ్చింది. రాజేష్‌ని అడిగితే, "సరుకెక్కితే కూకుంటంది, నాకేటి తెలుసు" అన్నాడు. బరువు మీరే ఎక్కువ వేస్తున్నారేమోనని అనుమానం వచ్చింది. కానీ అల్లుణ్ణి అనుమానించడం మా ఇంటి మర్యాద కాదు.

అందుకని వెనక మరో పట్టీ చేర్చాను. ఇప్పుడు తిమింగలాన్ని ఎక్కించినా దిగదు.

కొండబాబు

తా.క. నెత్తళ్ళ సంగతి పిల్లికి చెప్పాను. అది మీ మీద అలిగింది.

—

మంచినీళ్లపేట

కొండబాబూ,

ఇంతకుముందు తోక దగ్గర నాలుగు ఇసుక బస్తాలు వేస్తే ముక్కు లేచేది. ఇప్పుడు బస్తాలు రెట్టింపు చేశాం. లేవలేదు. పాత లంగరు వేశాం. ఐసు పెట్టె తోక దగ్గరికి జరిపాం. ఆఖరికి మీ అక్కని కూడా చివర కూర్చోమన్నాను. అప్పుడు లేచింది, కానీ బండి కదల్లేదు. "నన్ను లంగరులో జమకట్టేవేటి?" అని మీ అక్క దిగిపోయింది.

నూకాలమ్మ పిన్ని ఆటో మాట్లాడుకుంటానంటోంది. వాళ్ళు దిగిపోతే ఈ బండి అమ్మేయాలి. పడవ అమ్మిన రోజు నేను ఏడవలేదు, బండి ఉంది కదా అనుకున్నాను. ఇది కూడా పోతే తెల్లారి ఎక్కడికి వెళ్ళను రా? నాకు కోపంగా లేదు. భయంగా ఉంది.

నీ బావ

తా.క. మీ అక్క నాతో మాట్లాడడం లేదు. వంటింట్లోకి కూడా ఉత్తరాలే రాస్తున్నాను.

—

టెక్కలి

బావా,

ఇసుక బస్తాలా! చదివి తల పట్టుకున్నాను. తర్వాత పడీపడీ నవ్వాను. మీ ఆఖరి మాటల దగ్గర నవ్వు ఆగిపోయింది.

మీరు బండిని పడవ అనుకుని బరువు వేశారు. నేను దాన్ని బండి అనుకుని తోక ఎత్తాను. మీరు వేసిన కొద్దీ నేను ఎత్తాను. మీరు మళ్ళీ పంపిన బండికి వెనక అదనపు పట్టీ తీసేశాను. ముందు కమాన్లకి కూడా ఒక్కో పట్టీ చేర్చి, పొడుగు షాకబ్జర్లు వేసి ముక్కు లేపాను. ఇంజనీర్లు చూస్తే తిడతారు. వాళ్ళు మీ ఒడ్డుకి రారు కదా.

మన ఇద్దరి మీదా నమ్మకం లేక నూకాలమ్మత్త రాజేష్‌తో పాటు తిట్టుకుంటూనే ఆ బండెక్కి ఇక్కడికే వచ్చింది. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సంతబొమ్మాళి అవతల ఇసుక దారిలో నేనే నడిపి చూశాను. పొద్దు వాలుతోంది, ఉప్పుగాలి కొడుతోంది. గతుకు వచ్చినప్పుడల్లా ముక్కు మెల్లగా లేచి, మెల్లగా దిగుతోంది. చూస్తే అత్త అప్పటికే నిద్రలో ఉంది. నిద్రలోనే ఎవరితోనో నవ్వుతోంది. నాకూ రోడ్డు కనిపించడం మానేసింది. ముందు కూర్చుని నాన్న తెడ్డు వేస్తున్నట్టే ఉంది.

వెంటనే బండి ఆపి, దిగి, కక్కాను.

పదిహేనేళ్ళుగా బాగుచేసిన లారీలు నడిపి చూస్తున్నాను, ఎప్పుడూ ఇలా కాలేదు. చిన్నప్పుడు నాన్న నన్ను పడవెక్కించినప్పుడల్లా అయ్యేది. అందుకే విసుగెత్తి షెడ్డులో పనికి పెట్టాడు. అత్త లేచి నా వీపు రాస్తూ, "ఏటిరా, అంత దూరం ఎల్లొచ్చేసినావా? నాను ఆ పోయిన మీ మావతో మాటాడి ఇప్పుడే దిగినాను. ఈ పడవ బాగుందిరా, రేపట్నుంచి అందరం ఎక్కుతాం" అంది.

ఇక సరిచూడాల్సింది ఏమీ లేదు బావా. బండి సరిగ్గా కుదిరింది.

మీ కొండబాబు

తా.క. ఆదివారం అక్కని చూడ్డానికి వస్తాను. బండి మాత్రం పంపకండి. బస్సులో వస్తాను.