అత్త పెట్టని సంతకం

ఒంటారియో,
జనవరి 14

ప్రియమైన అత్తా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా పడవ ఇంజను మోత తప్ప నీ మాట వినపడదు. అందుకే ఉత్తరం.

ఇవాళ యూనివర్సిటీలో కొత్త అధ్యాపకులకు శిక్షణ తరగతి పెట్టారు. పరిశోధన పత్రం ఎలా రాయాలి, ఏ పత్రికకు పంపాలి, రచయితల పేర్లు ఏ వరుసలో వేయాలి, ఇవీ పాఠాలు. చెప్పింది మా విభాగాధిపతి హాల్వర్సన్. నేను చెయ్యెత్తి అడిగాను. "నా పత్రమంతా మా అత్త ముప్పై ఒక్క ఏళ్లు పడవ మీద రాసిన నోటుబుక్కుల మీదే నిలబడింది. ఆవిడ పేరు ఎక్కడ వేయాలి?"

"చివర్లో కృతజ్ఞతలు చెప్పండి, చాలు. పడవ నడిపినవాళ్లని రచయితల్ని చేస్తే రేపు పడవ కూడా తన పేరు వేయమంటుంది," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏ బోనులో గుడ్లతో ఉన్న ఆడ లాబ్‌స్టర్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని బారల లోతులో వచ్చాయో, వేళ్లు కొంకర్లు పోతున్నా రాసింది నువ్వు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకాన్ని కాదు నేను. నా పేరు పక్కన నీ పేరు ఉంటుంది, లేదా ఈ పత్రమే ఉండదు. ఏప్రిల్లో నన్ను ఉద్యోగంలో ఉంచాలా పంపాలా అని తేలుస్తారు, అప్పటికి ఈ పత్రాన్ని ఏదో ఒక పత్రిక ఒప్పుకుని ఉండాలి. అది తెలిసే చెబుతున్నాను.

నీ మొండి మేనకోడలు,
మిరేయ్

*

బెలివో రేవు,
జనవరి 25

ప్రియమైన మొండిదానా,

గాలికి నాలుగు రోజులుగా పడవ తీయలేదు. బంగాళాదుంపలూ కోడిమాంసమూ వేసి 'రాపీ పై' వండుకుని, ఒక్కదాన్నే సగం తినేసి, ఇది రాస్తున్నాను.

నాకెందుకే పేరు? పడవ మీద ఒడెట్ అని ఇంతింత అక్షరాలతో ఉంది, దాని మీదే పక్షులు రెట్ట వేస్తున్నాయి. నా పేరు కోసం నీ ఉద్యోగం పోతే మీ నాన్న సమాధిలోంచి లేచొచ్చి మరీ తిడతాడు. ఆ కృతజ్ఞతలేవో చెప్పెయ్. నా సరుకు కొనేవాళ్లు ఇన్నేళ్లలో ఆ మాత్రం కూడా చెప్పలేదు.

ఒక్కటి మాత్రం చెప్పు. రచయిత అంటే ఏం చేయాలి? ఊరికే పేరుంటే సరిపోతుందా?

చలికి జాగ్రత్త.
మీ అత్త, ఒడెట్

*

ఒంటారియో,
ఫిబ్రవరి 20

ప్రియమైన అత్తా,

గెలిచాం. పత్రిక నియమమే మన వైపు ఉంది. పని చేసి, చివరి ప్రతిని ఒప్పుకుని, అందులోని ప్రతి మాటకూ జవాబు చెప్పగలిగినవాళ్లు రచయితలు. అది అచ్చు తీసి హాల్వర్సన్ బల్ల మీద పెట్టాను. ఆయన ముఖం నువ్వు చూడాల్సింది. "ఆవిడేం జవాబు చెబుతారు? మీరు ఏది ముందు పెడితే దాని మీద సంతకం చేస్తారు," అన్నాడు. మా అత్త మీకు తెలియదు అన్నాను.

పత్రిక వాళ్లు పత్రాన్ని ఒప్పుకున్నారు. రచయితలందరి సంతకాలూ మార్చి ఇరవై లోపు అందాలట. పత్రం మొత్తం జతచేశాను, కానీ అదంతా నువ్వు చదవక్కర్లేదు. ఆఖరి కాగితం మీద నీ పేరున్న చోట సంతకం పెట్టి వెంటనే పంపు.

పట్టలేని సంతోషంతో,
మిరేయ్

*

బెలివో రేవు,
మార్చి 10

ప్రియమైన మిరేయ్,

సంతకం పెట్టడం లేదు.

మొత్తం చదివాను. పదకొండు రోజులు పట్టింది. పక్కన నిఘంటువు పెట్టుకుని, నీ పత్రంలోని భాషను తిట్టుకుంటూ చదివాను. లాబ్‌స్టర్లు పెరుగుతున్నాయని గీత గీసి చూపించావే, ఆ మూడో బొమ్మ తప్పు.

గుడ్లున్న ఆడ లాబ్‌స్టర్‌ని ఎవరూ పట్టుకోకుండా తోకకి గుర్తుగా గాటు పెట్టి నీళ్లలో వదిలేస్తాం కదా. అదే మళ్లీ నా బోనులోకి వస్తే అంకె పక్కన అడ్డగీత గీసేదాన్ని. అంటే ఇది పాతది, లెక్కలోది కాదు అని. నువ్వు ఆ గీతలన్నిటినీ కొత్తవాటిగా కలిపేశావు. నేను గాట్లు పెట్టడం మొదలుపెట్టి పన్నెండేళ్లు. నీ బొమ్మలో గీత పైకి లేచేది సరిగ్గా అక్కణ్నుంచే. పెరిగింది లాబ్‌స్టర్లు కాదే పిచ్చిదానా, నా గాట్లు. నిజానికి అవి తగ్గుతున్నాయి. నా చేత్తో వదిలేదాన్ని, నాకు తెలియదా?

ఇది అచ్చయితే ఇంకా ఎక్కువ పట్టుకోండని ప్రభుత్వం అంటుంది. రేవంతా నిన్నూ నన్నూ భుజాల మీద మోస్తారు. ఐదేళ్లకి పట్టడానికి ఏమీ ఉండదు. ప్రతి మాటకీ నేను జవాబు చెప్పాలని నువ్వే రాశావు. దీనికి నేను చెప్పలేను.

నీ గడువు నాకు గుర్తుంది. అది తెలిసే రాస్తున్నాను. కానీ చదవక్కర్లేదు అన్నావు చూడు, అక్కడ నొచ్చుకున్నాను. పేరు పైన వేసి, మనిషిని మాత్రం ఆ కృతజ్ఞతల దగ్గరే ఉంచావు.

నోటుబుక్కులు వెనక్కి పంపు. నేనే లెక్కేస్తాను.

అత్త

*

ఒంటారియో,
మార్చి 29

ప్రియమైన అత్తా,

మొదట నీ మీదే కోపం వచ్చింది. రెండు రోజులు నోటుబుక్కులు ముట్టుకోలేదు. మూడో రోజు ఒకటి తెరిచాను. ఆ ఒక్క ఏడాదిలోనే రెండు వందల పన్నెండు అడ్డగీతలున్నాయి.

పత్రాన్ని వెనక్కి తీసుకున్నాను.

"చెప్పానా? పేరిస్తే ఇలాగే నెత్తికెక్కుతారు," అన్నాడు హాల్వర్సన్. పేరివ్వకపోతే తప్పు అచ్చయ్యేది అన్నాను. ఉద్యోగం ఫైల్లో 'పత్రం తయారీలో ఉంది' అని రాసుకోమని సలహా ఇచ్చాడు. నేను అలా రాయలేదు. 'నా లెక్క తప్పు. తోటి రచయిత ఒడెట్ సురెట్ పట్టుకున్నారు. అందుకే వెనక్కి తీసుకున్నాను' అని రాశాను. ఆ వాక్యం కొట్టేయమన్నాడు. కొట్టేయనన్నాను. నన్ను పంపించేస్తే ఆ వాక్యంతోనే పంపిస్తారు.

ఏది పెడితే దాని మీద సంతకం చేస్తావని ఆయన అన్నప్పుడు మండిపడ్డాను. తర్వాత నేనూ నీకు అదే రాశాను. తప్పైపోయింది అత్తా.

నోటుబుక్కులు పంపడం లేదు. తీసుకుని నేనే వస్తున్నాను, శుక్రవారం. ప్రతి గీతా నువ్వు చదువు, నేను రాసుకుంటాను. కొత్త ప్రతిలో పేర్ల వరుస మార్చాను. నువ్వు సరేననేదాకా నేను సంతకం పెట్టను.

నీ రెండో రచయిత,
మిరేయ్