ఏడో పాటలో అమ్మ గొంతు

బుధవారం, షిఫ్టు అయ్యాక

చిరంజీవి చిన్నోడికి,

అక్క దీవించి రాసే ఉత్తరం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ బావ మోకాలొక్కటి తప్ప. అక్కడ నువ్వూ, మరదలూ, మన మిడత పిల్లా కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోన్లో మనిద్దరం రెండు నిమిషాలు మాట్లాడితే మూడో నిమిషంలో కీచులాట మొదలు. ఉత్తరమైతే నేను చెప్పేది అయ్యేదాకా నువ్వు నోరెత్తడానికి ఉండదు. నాకు ఇదే సుఖం.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలడిగావు. మొదటిది బావ మోకాలు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు. మేముండేదేమో మూడో అంతస్తు. "బావమరిది లిఫ్టు మెకానిక్కయి ఏం లాభం, మన మేడకి లిఫ్టే లేదు" అని రోజూ మెట్ల మధ్యలో నిలబడి నిన్ను తలుచుకుంటున్నారు. రెండోది మా ఆస్పత్రి లాండ్రీలో కొత్త మిషను. వచ్చింది. తడి దుప్పటి ఇటు పెడితే అటు ఇస్త్రీ అయి, మడత పడి వస్తుంది. "అయితే ఇంక నీకు పనేం ఉంటుంది" అన్నావుగా. మడత పడుతుంది గానీ మూలకి మూల కలవదురా. దాని వెనకాల నేనూ ఇంకొకావిడా నిలబడి, అన్నీ విప్పి మళ్ళీ మడతేస్తున్నాం. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు పోతున్నాడు.

మూడోది, మన బ్యాండు వాళ్ళ పాటకచ్చేరికి వెళ్తానా, వెళితే ఎలా ఉన్నారో రాయమని. నాలుగోది టేపు. మిడత వాళ్ళ నానమ్మ గొంతు ఎలా ఉండేదని అడుగుతోందనీ, టేపు పంపిస్తే అక్కడొకాయన కంప్యూటర్లోకి ఎక్కిస్తాడనీ రాశావు. ఇలా అడగడం ఇది మూడోసారి. ఈసారి తప్పించుకోను, ఈ ఉత్తరంలోనే చెప్తాను. కానీ ముందు మూడోదానికి జవాబు చెప్పనీ. లేకపోతే నాలుగోదానికి నాకు ధైర్యం చాలదు.

వెళ్ళానురా! మొన్న ఆదివారం వెళ్ళాను. బావ రానన్నారు, ఒక్కదాన్నే వెళ్ళాను. నాలుగు గంటలకి మొదలంటే రెండున్నరకే పోయి కూర్చున్నాను. పెద్ద గోదాములాంటి హాలు. కుర్రకారు మధ్యలో ఈ ముసల్ది ఏంటని నవ్వుతారేమోనని బిక్కుబిక్కుమంటూ వెళితే, అందరూ మన ఈడు వాళ్ళే. బట్టతలలు, బొజ్జలు, మెడలో వేలాడే కళ్ళజోళ్ళు. నా పక్క సీట్లో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. పరిచయమైన ఐదు నిమిషాలకే తన షుగరెంతో చెప్పేశారు.

ఇది మరదలు కూడా చదువుతుంది, మిడతకీ చదివి వినిపిస్తుంది కాబట్టి, నీకు తెలిసిన సంగతే వాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను. మన దగ్గర ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టు. వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చాడు. అట్ట లేదు, బొమ్మ లేదు, పాటల పేర్లు లేవు. ఒకటో పాట, రెండో పాట, అంతే. బ్యాండులో నలుగురుంటారని మాత్రం ఆయన చెప్పాడు. పాడేవాడికి మనం గొంతాయన అని పేరు పెట్టుకున్నాం. గిటారు వాయించేవాడు తీగలాయన. డ్రమ్ములు వాయించేవాడు సుత్తి. వాడంటే నీకు ప్రాణం, ఇంట్లో గిన్నెలన్నీ సొట్టలు పెట్టావు. నాలుగో ఆయన ఏం చేస్తాడో మనకెప్పుడూ అంతుపట్టలేదు. ఊరికే తోడుగా వస్తాడేమో అనేవాడివి నువ్వు.

వచ్చారురా నలుగురూ! దీపాలు పడగానే ముందు నాకు కనిపించింది వెనకాల కట్టిన నల్ల గుడ్డ. దాని మీద మడత గీతలు నాలుగు, ఇస్త్రీ చెయ్యకుండా కట్టేశారు. ఇంత పెద్ద కార్యక్రమం పెట్టుకుని ఇదేం బద్ధకం అని తిట్టుకుంటూ ఉన్నాను. ఇంతలో సుత్తి రెండు పుల్లలూ పైకెత్తి ఒక్క దెబ్బ కొట్టాడు. అంతే. తిట్టడం మర్చిపోయాను, గుడ్డ మర్చిపోయాను, నా పేరే మర్చిపోయాను.

మనం విన్నది ఏమీ కాదురా. నిజంగా చెప్తున్నాను, అది వినడమే కాదు. నాలుగో ఆయన వాయించేది మన బుల్లి టేప్ రికార్డర్లో అసలు వినపడేదే కాదు. ఆయన వాయించేది నేలలోంచి వస్తుంది. చెప్పులోంచి పాదంలోకి, పాదంలోంచి మోకాలికి, అక్కణ్ణించి గుండెకి ఎక్కింది. పాట మొత్తాన్ని భుజాన మోస్తున్నవాడు ఆయనేనట! ఇన్నేళ్ళూ ఆయన్ని ఎంత మాటన్నాం! నాకైతే లేచి వెళ్ళి క్షమించమని అడగాలనిపించింది.

ఇంకో సంగతి విను. పాటలన్నీ పరుగులు పెడుతున్నాయి. పెద్దవాళ్ళయిపోయారు, తొందరగా ముగించి ఇంటికి పోదామనుకుంటున్నారేమో అనుకున్నాను. మాస్టారినడిగితే, "లేదమ్మా, మొదట్నుంచీ ఇదే వేగం" అన్నారు. మన టేప్ రికార్డరే నీరసంగా తిరిగేదన్నమాట. గొంతాయన అంత బొంగురుగా ఉంటాడని మనం మురిసిపోయేవాళ్ళం కదా, ఆయన గొంతు సన్నం. ఎంత తేటగా ఉందో! డెబ్భై ఏళ్ళ మనిషి, సగం పాటలు కుర్చీలో కూర్చునే పాడాడు. కానీ పైకి వెళ్ళాల్సిన ప్రతిచోటా వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ నేను ఊపిరి బిగపట్టి, దిగాక వదిలాను. నోరు తెరుచుకుని అలా ఉండిపోయాను, పక్కన మాస్టారు మంచినీళ్ళ సీసా అందిస్తే తాగాలని కూడా తోచలేదు. మనుషులు ఇంత గొప్ప పని చెయ్యగలరా అనిపించింది. మన చిన్న గదిలో, గోడకి వీపులానించి కూర్చుని, మనం విన్నది వీళ్ళనేనా అనిపించింది.

ఆఖర్న ఏడో పాట అందుకున్నారు.

మిడతా, ఇది నీ కోసం రాస్తున్నాను. మీ నాన్నకి ఎనిమిదేళ్ళు, నాకు పదమూడు. ఏడో పాట నడుస్తోంది, నానమ్మ మమ్మల్ని పిలిచి పిలిచి విసిగిపోయి గదిలోకొచ్చింది. పాట ఆపుదామని ఏవో రెండు బటన్లు కలిపి నొక్కింది. అవి రికార్డు చేసే బటన్లు. నొక్కి, "వస్తారా, నన్నే రమ్మంటారా?" అని ఒక్క అరుపు అరిచింది. తప్పు బటన్లని తెలిసి వెంటనే తీసేసింది. నాలుగు సెకన్లు. అప్పట్నించీ ఆ పాట సగంలో ఆగి, మీ నానమ్మ అరిచి, మళ్ళీ మొదలయ్యేది. మీ నాన్న రెండు రోజులు నానమ్మతో మాట్లాడలేదు. పాటలో అన్నిటికంటే మంచి మాట అక్కడే ఉండి ఉంటుందనీ, అది చెరిగిపోయిందనీ ఏడ్చాడు. ఆ చోట ఏముండేదో మేమిద్దరం రోజుకొకటి ఊహించుకునేవాళ్ళం.

చిన్నోడా, ఆ పాటని మన టేపులో తప్ప ఇంకెక్కడా వినలేదు మనం. ఫోన్లో ఒక్క వేలు నొక్కితే వస్తుంది, నాకు తెలుసు. ఎక్కడైనా వస్తే రేడియో కట్టేస్తానని నువ్వూ ఒకసారి రాశావు. నేనూ అంతే. అసలు పాట వింటే అమ్మ అందులోంచి పోతుందేమోనని భయం.

హాల్లో ఆ పాట నడుస్తోంది. ఆ చోటు దగ్గర పడుతోంది. ఇన్నేళ్ళకి ఆ మాట వినబోతున్నాను. లేచి బయటికి పోదామా అనుకుంటూనే ఉన్నాను. గొంతాయన కుర్చీలోంచి లేచాడు. సుత్తి పుల్లలు పైకెత్తాడు. అందరూ ఒక్కసారిగా ఆపేశారు.

ఏమీ లేదు చిన్నోడా. అక్కడ మాట లేదు, వాద్యం లేదు. పాటే అక్కడ ఆగుతుంది. నాలుగు సెకన్లు నిశ్శబ్దం, అంతే. అన్ని వేలమంది కిక్కురుమనకుండా ఉన్నారు. అమ్మ ఏమీ చెరపలేదురా! నువ్వు రెండు రోజులు అమ్మతో మాట్లాడకుండా ఉన్నావు గానీ, అమ్మ ఒక్క ముక్క కూడా పాడుచెయ్యలేదు.

ఆ నిశ్శబ్దంలో ఎవరో అరిచారు. "వస్తారా, నన్నే రమ్మంటారా?" అని. అచ్చం అమ్మ. అదే విసుగు, చివర్న అదే సాగదీత. అరిచింది నేనే అని మాస్టారు ఉలిక్కిపడి నా వైపు తిరిగాకే తెలిసింది. రోజంతా మిషన్ల మోత మీద అరిచే గొంతు కదా, స్టేజీ దాకా పోయింది. గొంతాయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూశాడు. చూసి, నవ్వి, మైకులో "వస్తున్నామమ్మా!" అన్నాడు. సుత్తి దబ్బున కొట్టాడు. పాట మళ్ళీ అందుకుంది, హాలు హాలంతా లేచి నిలబడింది. నేనొక్కదాన్నే కూర్చుని భోరున ఏడ్చాను. సిగ్గు లేదు, ఏమీ లేదు. అంత ఆనందం నా జన్మలో పడలేదు.

ఇప్పుడు నాలుగో ప్రశ్న.

టేపు అటక మీద లేదు. ఇల్లు సర్దినప్పుడు ఎక్కడో కలిసిపోలేదు. మీ బావ ఎక్కడో పెట్టి మర్చిపోలేదు. పాపం, నేను తప్పు ఆయన మీదికి నెట్టినప్పుడు పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. అమ్మ పోయినప్పుడు దాన్ని నీతో తీసుకెళ్తానన్నావు. పెద్దదాన్ని నేను, నా దగ్గరే ఉంటుంది, నువ్వు జాగ్రత్త చెయ్యలేవు అన్నాను. నువ్వు భోంచెయ్యకుండా వెళ్ళిపోయావు. ఆ ఏడాదంతా పనినుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ఆ నాలుగు సెకన్లే వినేదాన్ని. వెనక్కి తిప్పడం, వినడం. మళ్ళీ తిప్పడం, మళ్ళీ వినడం. పాట వినేదాన్ని కాదు. అలా తిప్పీ తిప్పీ, ఒకరోజు మిషను టేపుని లోపలికి లాగి నమిలేసింది. మెల్లగా బయటికి తీస్తే సరిగ్గా అమ్మ మాటున్న చోటే ముడతలు.

ముడతలు కనపడితే నాకు ఒకటే పని వచ్చు కదరా. బల్ల మీద పరిచి, పల్చటి గుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో పెట్టి, ఇలా ఆనించి అలా తీశాను. ఆపరేషన్ గదికి వెళ్ళే గుడ్డలు ఇస్త్రీ చేసే చెయ్యి, నాకు తెలీదా అనుకున్నాను. గుడ్డ తీసి చూస్తే టేపు ముడుచుకుపోయి, గుడ్డకే అంటుకుపోయింది. ఆ జానెడు ముక్కే. మిగతా పాటలన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

పధ్నాలుగేళ్ళుగా నీకు అబద్ధం చెప్తున్నాను. నీ వాటా కూడా నేనే కాల్చేశాను. నువ్వు జాగ్రత్త చెయ్యలేవని అన్న నోటితో ఆ సంగతి ఎలా చెప్పను? నువ్వు అడిగిన ప్రతిసారీ నా ప్రాణం చచ్చిపోయేది. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

ఒక్కమాట రాసి ముగిస్తాను. సోమవారం సాయంత్రం ఇదంతా ఫోన్లోనే చెప్పేద్దామని చేశాను. మిడత ఎత్తింది. స్నానానికి రమ్మంటే రాకుండా నాతో కబుర్లు పెట్టుకుంది. నువ్వు రెండుసార్లు పిలిచావు. మూడోసారి వెనకనుంచి ఒక కేక వేశావు. ఏమని వేశావో నీకు గుర్తు కూడా ఉండదు. ఆ మాటేరా. ఆ విసుగే, ఆ సాగదీతే. ముందురోజే అది నా నోట్లోంచి రావడం విన్నాను కాబట్టి పోల్చుకోగలిగాను, లేకపోతే నాకూ తెలిసేది కాదు. చటుక్కున ఫోన్ పెట్టేశాను, సిగ్నలు పోయిందనుకుని ఉంటారు మీరు.

అమ్మా మిడతా, నువ్వడిగిన నానమ్మ గొంతు టేపులో లేదు, అత్త కాల్చేసింది. కానీ నువ్వు పుట్టినప్పట్నించీ అది వింటూనే ఉన్నావు. స్నానానికి పిలుస్తున్నది ఎవరనుకున్నావు?

చిన్నోడా, ఇది చదివాక నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. ఈ ఒక్కసారికి జవాబు ఉత్తరంలో రాయకు. ఫోన్ చేసి గట్టిగా తిట్టు. నాకు వినాలనుంది.

ఇట్లు,
ఇన్నాళ్ళూ నీకు అబద్ధం చెప్పిన
అక్క