మసి దూకదు

బాబుకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, నా పిల్లులూ కులాసా. అక్కడ నువ్వూ, కోడలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కోపంగా రాసినట్టున్నావు, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ కోపమొస్తే అంతేగా నువ్వు! పాపకు జ్వరం తగ్గిందని చదివాక ప్రాణం కుదుటపడింది. నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు లేదు.

ఇక అసలు విషయం. “ఈ వయసులో దయ్యాల సినిమాలకు పిల్లుల్ని మోసుకెళ్లడమేమిటి? నలుగురిలో నా పరువేం కాను? మానెయ్” అని రాశావు. మాననురా. మీ నాన్న పోయాక గోడలతో మాట్లాడుకుంటున్న నన్ను వీధిలోకి లాగింది మా నల్లపిల్లి మసి. పక్కవీధిలో షూటింగు జరుగుతుంటే అటు పారిపోయి, నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి దర్శకుడి కుర్చీ ఎక్కి పడుకుంది. అలా దొరికింది ఈ పని. చవకలో తీసే సినిమాలు. భయపెట్టాలన్నా, నవ్వించాలన్నా వాళ్లకు పిల్లే దిక్కు.

పోయిన నెల ఒక పాత గోదాములో షూటింగు. హీరో అన్నం తింటుంటే అటక మీంచి మసి అతని నెత్తిన దూకాలి. అది అంచున కూర్చుని తీరిగ్గా కాళ్లు నాక్కుంటుందే తప్ప దూకదు. దర్శకుడికి ఓపిక నశించింది.

“ఎవడైనా పైకెక్కి విసిరెయ్యండ్రా! పిల్లేగా, ఏం కాదు.”

“విసరడానికి వీల్లేదు బాబూ,” అన్నాను.

“మీరు పిల్లిని తెచ్చారు, అంతే. సినిమా తీసేది నేను.”

“అయితే పిల్లి లేకుండా తీసుకో.”

మోకాలు మొర్రోమంటున్నా నిచ్చెనెక్కి, మసిని ఒళ్లో పెట్టుకుని అటక మీదే కూర్చున్నాను. బతిమాలారు, బెదిరించారు. దిగలేదు. చివరికి చీకటైతేనైనా దిగుతానని లైట్లు ఆర్పేశారు. నాకు ఒళ్లు మండింది. జుట్టుముడి ఊడిపోయిందని కూడా చూసుకోకుండా, మసిని భుజానేసుకుని కిందికి వంగి, “దీని మీద ఒక్కడు చెయ్యి వేశాడో!” అని కేక పెట్టాను.

సరిగ్గా అప్పుడే ఎవరో టార్చి వేశారు. హీరో కంచం వదిలేసి గోడకు అతుక్కుపోయాడు. దయ్యం వేషంలో ఉన్న అమ్మాయైతే ఏకంగా గోదామే దాటేసింది!

నవ్వులతో గోదాము దద్దరిల్లింది. దర్శకుడొక్కడే నవ్వలేదు. నన్నే చూస్తూ, “అమ్మా, మళ్లీ ఒక్కసారి అలాగే అరుస్తారా?” అన్నాడు.

“అరుస్తాను. పిల్లి నా భుజం దిగదు. దాన్ని ఎవరూ ఎక్కడినుంచీ పడెయ్యరు. సరేనా?”

“సరేనమ్మా.”

ఇన్నాళ్లూ నీకు చెప్పని మాట ఇదే. రేపో మాపో మీ ఊరి గోడల మీద పోస్టరు పడుతుంది. భుజాన నల్లపిల్లితో, జుట్టు విరబోసుకున్న ముసలి దయ్యం ఎవరో అనుకునేవు. నేనే. ఆ అమ్మాయి కోడలు దయ్యం, నేను అత్త దయ్యం. కోడలికి చెప్పు, సరదాపడుతుంది.

నీకు సిగ్గనిపిస్తే ఆ గోడవైపు చూడకు. అలిగి ఉత్తరాలు మానేసినా సరే, నేను మాత్రం రాస్తూనే ఉంటాను. వచ్చే నెలలో ఇంకో సినిమా ఉంది. అందులో నాకు దయ్యం వేషం కాదట, బతికున్న మనిషి వేషమట. అదీ చేస్తాను.

ఇట్లు,
మీ అమ్మ