అక్క పళ్ళు, నా నోరు

సోమవారం, పొద్దున్నే

ఇవాళ్టి నుంచి జోకుల్లేవు. వెటకారం లేదు, ఎగతాళి లేదు. శుక్రవారం విమానం దిగి అక్క గుమ్మం తొక్కేదాకా నా నోటికి తాళం. తాళంచెవి మా ఆవిడ దగ్గర!

కారణం రాసి పెట్టుకుంటాను, రేపటికి మర్చిపోతాను కనక. ఆదివారం అక్క మనవరాలి పెళ్ళి. అక్క కట్టుడు పళ్ళ సెట్టు మొన్న సింకులో పడి రెండు ముక్కలైంది. పళ్ళు లేకుండా పెళ్ళి హాలుకి రానని, గదిలోనే కూర్చుంటానని తేల్చేసింది. నా వృత్తే అది. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, నేను పళ్ళు కట్టి పంపిస్తాను. అక్క అచ్చు నా దగ్గరుంది. కొరియర్‌ని నమ్మను. రైలు టికెట్లు దొరకలేదు. అందుకే జన్మలో మొదటిసారి విమానం.

మా ఆవిడ ఇదివరకు ఒకసారి ఎక్కింది. అక్కడ నవ్వులాటలు చెల్లవట. "మీరు ఏదో ఒకటి వాగుతారు, మనల్ని దింపేస్తారు, పాపం వదిన గదిలో కూర్చుని ఏడుస్తుంది" అంది.

ఇందులో ఏముంది? ఊళ్ళో వాళ్ళ నోళ్ళన్నీ బాగుచేసేవాణ్ణి, నా నోరు నాకొక లెక్కా?

సోమవారం, సాయంత్రం

ఒక్క జోకు కూడా వెయ్యలేదు. మధ్యాహ్నమంతా నిద్రపోయాను. అయినా లెక్కే.

మంగళవారం

బావమరిది ఫోను. వాడు ఉద్యోగం పనిమీద తరచూ విమానం ఎక్కుతాడు, ఎక్కిన ప్రతిసారీ చచ్చి బతుకుతాడు. చెమటలు పట్టేవాణ్ణి నమ్మొద్దట. అస్సలు చెమట పట్టనివాణ్ణి అస్సలు నమ్మొద్దట. సంచీ వదలనివాడూ ప్రమాదమే, సంచీ వదిలేసి బాత్రూముకి వెళ్ళేవాడూ ప్రమాదమే. ఏమీ తిననివాణ్ణి చూస్తే లేచి నిలబడాలట. మరి మిగిలిందెవర్రా అని అడిగాను.

"పైలట్, బావా. ఆయన మీద కూడా ఓ కన్నేసి ఉంచు."

ఇది జోకు కాదు. వాడికి ఆ విద్య రాదు. మా ఆవిడ మాత్రం పరీక్షకి చదువుతున్నట్టు విన్నది.

సాయంత్రం పక్క కొట్టు కళ్ళజోళ్ళాయన బల్లమీది అచ్చు చూసి ఎవరిదన్నాడు. ఎక్కువ ప్రశ్నలు వేసినవాడిదన్నాను. టీ సగంలో వదిలేసి వెళ్ళాడు. ఇది లెక్కలోకి రాదు. ప్రయాణం ఇంకా మొదలు కాలేదు.

గురువారం

సెట్టు పూర్తయింది. ఎడమవైపు ముందు పన్ను కాస్త వాల్చి పెట్టాను. అక్కకి చిన్నప్పటి నుంచీ అలాగే ఉండేది. ముత్యాల్లా పేరిస్తే అది అక్క నవ్వు కాదు, టూత్‌పేస్టు ప్రకటన. తడిదూదిలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాను.

అద్దం ముందు గంభీరమైన మొహం సాధన చేశాను. ఏదో చేసి వచ్చినవాడి మొహంలా ఉందని మా ఆవిడ తీర్పు.

శుక్రవారం, విమానాశ్రయం

నియమం తప్పలేదని ముందే రాస్తున్నాను. డబ్బా యంత్రంలోకి వెళ్ళింది. తెర మీద దవడలు కనిపించాయి. తనిఖీ అధికారి నన్ను పక్కకి పిలిచాడు.

"ఏమిటివి?"

"మా అక్క పళ్ళండీ."

"మీ అక్క ఎక్కడుంది?"

"గదిలో ఉంది. బయటికి రాదు."

అన్నీ నిజాలే! మొహం కూడా సాధన చేసిందే పెట్టాను. నా వెనకాల వరసలో ఉన్న బట్టతలాయన తన సంచీని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగాడు. మరో ఇద్దరు అధికారులు వచ్చారు. మా ఆవిడ పెళ్ళి కార్డు తీసి చూపించి, కథంతా చెబితే వదిలారు.

నిజం చెబితేనే ఇంత గొడవయింది. జోకు వేసుంటే నవ్వి పంపించేవాళ్ళేమో. ఊరికే అంటున్నాను.

శుక్రవారం, విమానంలో

మా పక్క సీటు ఎవరికి? బట్టతలాయనకే.

కూర్చోకముందే సీటు చేతుల్ని గుడ్డతో తుడిచాడు. "వేలిముద్రలు చెరిపేస్తున్నాడు" అని మా ఆవిడ నా చెవిలో. సంచీ ఒళ్ళోంచి దించడు. ట్రే వస్తే వద్దని చెయ్యూపాడు. ఎవరిని చూసినా ముందు నోరు చూడటం నా అలవాటు. నేను చూసినకొద్దీ ఆయన రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "మొహం దాస్తున్నాడండీ."

మొదట మా ఆవిణ్ణి చూసి లోపల నవ్వుకున్నాను. తర్వాత ఆయన నుదురు చూశాను. చెమట చుక్క లేదు. తిండి లేదు, చెమట లేదు, సంచీ వదలడు. బావమరిది గొంతు చెవిలో మోగుతోంది.

అప్పుడు ఆయనే రుమాలు వెనకాల నుంచి మెల్లిగా అడిగాడు. "ఆ డబ్బాలోవి... మనిషివేనా?"

పొద్దుటి నుంచి బిగబట్టిన నోరు. తాళం దానంతటదే ఊడిపోయింది.

"ఇప్పటికి ఒక మనిషివే. మీవి కూడా బాగున్నాయి."

ఆయన గంట నొక్కాడు. నొక్కిన వేలు తియ్యలేదు.

ఎయిర్‌హోస్టెస్ వచ్చి డబ్బాని తీసుకుని ముందుకి వెళ్ళింది. విమానం మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. మా ఆవిడ నడవకి అవతలి కిటికీ వైపు తిరిగింది. ఆవిడకి కిటికీ సీటు కాదు.

శుక్రవారం, దిగాక

ఒక గది. బల్ల మీద డబ్బా. ఎదురుగా అధికారి, మూలన ఫిర్యాదుదారు బట్టతలాయన. ఎవరి పళ్ళో తేలేదాకా డబ్బా ఇవ్వరట. అక్కకి ఫోను చేశారు. పళ్ళు లేని అక్క మాట అధికారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మనిషే రావాలన్నాడు.

గది దాటనన్న అక్క వచ్చింది. శాలువా కళ్ళదాకా చుట్టుకుని వచ్చింది. గుమ్మంలో ఆవిణ్ణి కూడా ఆపారు.

"ఈయన మీ తమ్ముడేనా?" అని అధికారి అడిగాడు.

అక్క నన్ను కింద నుంచి పైదాకా చూసింది. తల అడ్డంగా ఊపింది.

మా ఆవిడ కుర్చీలో కూలబడింది. అధికారి ఫోను అందుకున్నాడు. నాకు చెమటలు పట్టాయి, బట్టతలాయన వాటిని గమనించాడు. అక్క తాపీగా డబ్బా తెరిచి, మూల నల్లా కింద పళ్ళు కడిగి, అటు తిరిగి పెట్టుకుని, ఇటు తిరిగి పకపకా నవ్వింది. వాలు పన్నుతో సహా పాత నవ్వు.

"ఒరే, అద్దంలో చూసుకో నీ మొహం! తమ్ముడేనండీ. చిన్నప్పటి బాకీలు చాలా ఉన్నాయి, ఇవాళ ఒకటి తీర్చా."

అధికారి నవ్వేశాడు. అక్కడ నవ్వులాటలు చెల్లవని కదా మా ఆవిడ చెప్పింది. అక్కకి చెల్లాయి.

నవ్వాపుకోలేక బట్టతలాయన రుమాలు తీశాడు. పై సెట్టు టక్కున కిందికి జారింది! వదులైన సెట్టు. అందుకే తినలేదు, మెల్లిగా మాట్లాడాడు, నోరు దాచాడు. ఇన్నేళ్ళ వృత్తి నాది, పక్క సీట్లో ఉన్నవి కట్టుడు పళ్ళని, మెచ్చుకుని కూడా, గుర్తుపట్టలేదు. ఆయనేదో చేస్తాడేమోనని చూస్తూ కూర్చున్నాను గానీ పళ్ళు చూడలేదు. వెళ్ళబోతూ సిగ్గుపడుతూ నా ఫోను నంబరు అడిగాడు.

సోమవారం, పొద్దున్నే

పెళ్ళి బాగా జరిగింది. ప్రతి ఫోటోలోనూ అక్క నవ్వుతోంది, కన్నీళ్ళు పెట్టుకోవాల్సిన చోట కూడా.

ఈ సాయంత్రం తిరుగు విమానం. ఇవాళ్టి నుంచి జోకుల్లేవు. ఈసారి గట్టిగా. మా ఆవిడ నా చేత ఒట్టు కూడా వేయించుకుంది.

అక్క నవ్వు చూసి హాల్లో ముసలాళ్ళు నా చుట్టూ మూగారు. విరిగినవి, వదులైనవి, పాతవి రిపేరుకిచ్చారు. డబ్బా నిండిపోయింది. ఎవరి పళ్ళని అడిగితే ఏ వెటకారమూ లేకుండా నిజమే చెబుతాను.

పెళ్ళికి వచ్చినవాళ్ళవి.