ఆరో మడికి నీళ్లొద్దు మహాప్రభో

నీటిపారుదల శాఖ ఇంజనీరు గారి సముఖమునకు, వరి పరిశోధన కేంద్రమునందు పనిచేయు శాస్త్రవేత్త వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా పరిశోధన మడులకు దయచేసి నీళ్లు ఇవ్వకుండా ఉండుట గురించి.

సూచిక: ఇదే విషయమై గత నెల నేనిచ్చిన అర్జీ, మరియు దాని వలన వచ్చిన వరద.

విన్నవించుకొనునది ఏమనగా, నీళ్లు రాలేదని తమరికి అర్జీలు కుప్పలుగా వస్తాయని, వాటి మధ్య ఇది చూడగానే తమరు కళ్లజోడు తీసి తుడుచుకుంటారని నాకు తెలుసు. తుడుచుకోండి. నేను అడుగుతున్నది నీళ్లు వద్దనే. ఒంటి మీద స్పృహ ఉండే అడుగుతున్నాను.

1. వరి మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉంటే కింద బురదకు గాలి ఆడదు. గాలాడని బురదలో సూక్ష్మజీవులు చేరి మీథేన్ అనే వాయువును తయారుచేస్తాయి. అది పైకి పోయి భూమిని ఇంకా వేడెక్కిస్తుంది. ఆ వేడికి మళ్లీ వరే మాడుతుంది. మధ్యమధ్య మడిని ఆరనిస్తే ఆ వాయువు ఎంత తగ్గుతుంది, గింజ తగ్గకుండా ఉంటుందా అన్నది నా పరిశోధన. ఇందుకు గాను ఆరు మడులు కేటాయించబడినవి. మొదటి మూడింటిలో ఎప్పుడూ నీళ్లుంటాయి. నాలుగు, ఐదు, ఆరు మడులను ఆరబెట్టాలి. వాటిలో చిల్లుల గొట్టాలు పాతి ఉన్నాయి. గొట్టంలో నీటి మట్టం నేలకు పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగేదాకా చుక్క పెట్టకూడదు. అప్పటిదాకా వేళ్లకు కింద తడి అందుతూనే ఉంటుంది, పైరు చావదు. ఈ ముక్క నేను మూడేళ్లుగా నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్నాను.

2. తమ శాఖకు చెందిన లస్కరు, అనగా మా వైపు కాలువ తూము తీసి మూసే మనిషి, చాలా మంచివాడు. నా ఫిర్యాదు అదే. నాలుగో మడి నెర్రెలిచ్చిన మర్నాడు వచ్చి చూద్దును కదా, అందులో చీలమండ లోతు నీళ్లు. అడిగితే, "పైరు బిక్కమొహం వేసుకుని నా వంకే చూస్తోందమ్మా. చూస్తూ చూస్తూ ఎలా పోతాను?" అన్నాడు. వద్దని చెప్పాను కదయ్యా అంటే, "వద్దంటారనే మీరు రాకముందే పెట్టేశాను" అన్నాడు. గొట్టంలో స్కేలు దింపి, చిలక్కి చెప్పినట్టు అంతా చెప్పాను. శ్రద్ధగా విని, తలూపి, "సరే గానీ, ఈలోగా దానికి దాహం వేస్తే?" అన్నాడు. నాలుగో మడి లెక్క అంతటితో సరి.

3. పిమ్మట తమ కార్యాలయమునకు స్వయముగా వచ్చి అర్జీ దాఖలు చేసుకున్నాను. గుమాస్తా గారు దాన్ని రెండుసార్లు చదివి, తిరగేసి వెనక వైపు కూడా చూశారు. "నీళ్లు అందలేదు అనే గడి ఉందమ్మా, తక్కువ అందాయి అనే గడి ఉంది. వద్దు అనే గడి మా రిజిస్టర్లో లేదు. ఇంతకీ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగారు. బాగానే ఉన్నారని చెప్పి వచ్చాను. నేను గుమ్మం దాటాక ఆయన జాలిపడి నా అర్జీని "నీళ్లు అందలేదు" గడిలో రాసి, పైన "అత్యవసరం" అని ముద్ర కూడా కొట్టారట. మూడో రోజుకల్లా తమ శాఖ చరిత్రలో ఎన్నడూ లేనంత చురుగ్గా తూము పూర్తిగా ఎత్తేశారు. ఐదో మడి అలా మునిగింది, ఆరోది మెరక మీద ఉండబట్టి బతికిపోయింది. తమ సిబ్బంది చేతకానివాళ్లని ఎవరైనా అంటే నా దగ్గరకు పంపండి.

4. మా అమ్మ మీద తమ శాఖకు అధికారం లేదని తెలుసు. అయినా చెప్పుకుంటున్నాను. అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చి, ఆరో మడిని చూసి, "పైరును ఎండగట్టి చంపడానికేనటే నిన్ను ఇంత చదివించింది? ఉసురు తగులుతుంది" అని తిట్టి, మంచినీళ్ల సీసాలో మిగిలినవి మడిలో పోసి వెళ్లింది. ఆ రోజు కొలతల పుస్తకంలో "సుమారు ఒక గ్లాసు, అమ్మ" అని రాసుకున్నాను. శాస్త్రంలో అన్నీ రాయాలి.

5. ఇది మూడో పంట, ఆఖరిది. వచ్చే పంటకు ఈ మడులు మొక్కజొన్న వాళ్లకు పోతాయి. ఈసారి ఆరబెట్టిన మడి ఒక్కటైనా మిగలకపోతే ముందు రెండు పంటల లెక్కలూ ఎవరూ నమ్మరు. మూడేళ్లపాటు ఎండలో, మీథేన్ కొలవడానికి పైరు మీద పెట్టెలు బోర్లించి, వాటిలోని గాలిని సిరంజితో లాగి సీసాల్లో నింపాను. గాలికి సూదిమందు వేసే డాక్టరమ్మ అని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ చాకిరీ అంతా ఇప్పుడు ఆరో మడి మీద ఆధారపడి ఉంది. నాకు భయంగా ఉందండీ. ఇంతకంటే ఆఫీసు భాషలో చెప్పడం చేతకావడం లేదు.

కావున తమరు దయతలచి, సదరు లస్కరును ఆరో మడి ఛాయలకు రానివ్వకుండా తగు ఉత్తర్వులు జారీ చేయవలసిందిగా ప్రార్థన. చిత్తగించవలెను, చిత్తగించిన పిమ్మట ఏ గడిలోనూ రాయించకుండా ఉండవలెను.

తమ విధేయురాలు,
శాస్త్రవేత్త
(నీళ్లు వద్దన్న ఆవిడ)

తా.క. అయ్యా, పైన సంతకం చేశాక మధ్యాహ్నం కొలత తీసుకుందామని ఆరో మడికి వెళ్లాను. గొట్టంలో పదమూడు ఉంది. ఆకులు చుట్టుకుపోయి సూదుల్లా ఉన్నాయి. నెర్రెల్లో నా చిటికెన వేలు పట్టింది. ఆకులు సాయంత్రానికి విచ్చుకుంటాయని నాకు తెలుసు, దాని మీద నేనే వ్యాసం రాశాను. అయినా తర్వాత చూసుకుంటే నా చేతిలో పార ఉంది, కాలువ వైపు గట్టుకు అప్పటికే ఒక వేటు పడింది.

లస్కరు ఎక్కడినుంచి పరిగెత్తుకొచ్చాడో, పార లాక్కున్నాడు. "ఇంకా రెండు సెంటీమీటర్లుందమ్మా! పొద్దున నేనే పుల్ల పెట్టి చూశాను" అని అరిచాడు. నీకెందుకయ్యా ఈ బాధ అంటే, "మొన్న ఐదో మడి మునిగినప్పుడు మీరు పుస్తకం పట్టుకుని ఏడ్చారు కదా, తూము దగ్గర్నుంచి చూశాను" అన్నాడు. గట్టు కూడా వాడే పూడ్చాడు.

కావున రెండో అంశాన్ని, చివరి ప్రార్థనను కొట్టివేయుచున్నాను. మళ్లీ మొదటినుంచి రాసే ఓపిక లేదు, కొట్టివేతలతోనే పంపుతున్నాను. కోత అయ్యేదాకా సదరు లస్కరును ఆరో మడి మీదే కాపలా ఉంచండి. గొట్టంలో పదిహేను పడకముందు నేను పారతో కనిపిస్తే ఆపే అధికారం ఆయనకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎంత బతిమాలినా వినవద్దని కూడా అందులో రాయండి, నేను గట్టిగానే బతిమాలతాను.