కదలని మనిషి కావలెను

వదినగారికి,

మీ మనవరాలిని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో రాస్తున్నాను. గీతలు వంకరపోతే తప్పు నాది కాదు, పాపది.

ఫోను మోగితే పాప లేచి ఏడుస్తోందని మీ కోడలు ఇంట్లో ఫోన్లన్నీ దుప్పట్ల పెట్టెలో పడేసి తాళం వేసింది. అందుకే ఈ ఉత్తరం. మీ అబ్బాయి రోజూ మీ ఇంటికీ మా ఇంటికీ తిరుగుతూనే ఉంటాడు కదా, వేరే పోస్టుమాను ఎందుకు?

సంగతేమిటంటే, ఆదివారం పాపకి ఫోటోలు తీయడానికి ఫోటో అమ్మాయి మా ఇంటికే వస్తోంది. పెద్ద కిటికీ ఉన్న గది ఖాళీ చేయమంది. పాప ఒంటిమీద బట్టలుండవు కాబట్టి గది వెచ్చగా ఉండాలట. తను వచ్చేసరికి పాప కడుపునిండా పాలు తాగి నిద్రలో ఉండాలట. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద ఫోటోకి పాపను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా మెదలకుండా కూర్చునే మనిషి ఒకరు కావాలట. మీ కోడలికి నడుం నొప్పి. మీ అబ్బాయి కుదురు సంగతి మీకు నేను చెప్పాలా? ఎలాగూ నేనున్నాను. మీరు శ్రమపడి రావక్కర్లేదు.

ఇట్లు,
పాప అమ్మమ్మ

తా.క. గది ఖాళీ చేస్తుంటే మంచం కింద మీ అబ్బాయి ఎప్పుడో పోగొట్టుకున్న చెప్పు ఒకటి దొరికింది. రెండోది మీ ఇంట్లో వెతకండి.

*

వదినగారికి,

కుడుతున్న ప్యాంటు మిషను మీదే వదిలేసి రాస్తున్నాను.

శ్రమా? ఎంత మాటన్నారు! పొద్దున్నించి సాయంత్రం దాకా కుట్టుమిషను ముందు కూర్చునేదాన్ని. కూర్చోవడమే నా పని. మీరు ఏళ్ళ తరబడి పసిపిల్లల బడి నడిపారు. పిల్లల వెనకాల పరిగెత్తిన ఆ కాళ్ళు ఇప్పుడు ఆగమంటే ఆగుతాయా? పైగా కాస్త దుమ్ము తగిలితే చాలు, మీకు తుమ్ములు. పిల్లల పెళ్ళి ఫోటోలో అందరం నవ్వుతుంటే మీరొక్కరే తుమ్ముతూ పడ్డారు. ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. ఆ ఫోటో మా హాల్లోనే ఉంది, రోజూ చూస్తున్నాను.

పాప ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుంది. నాకు దక్కేది ఆ ఆదివారాలే. ఒళ్ళో నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
పాప నాన్నమ్మ

తా.క. మా అబ్బాయి దారిలో ఈ ఉత్తరాలు విప్పి చదువుతున్నాడని నా అనుమానం. నాయనా, ఎలాగూ చదివావు కనుక, వచ్చేటప్పుడు మిషనుకి నల్లదారం ఉండ పట్టుకురా.

*

వదినగారికి,

తుమ్మకుండా రాస్తున్న ఉత్తరం.

ఫోటో అమ్మాయి గది వెచ్చగా ఉండాలంది గానీ, ఎంత వెచ్చగానో చెప్పలేదు. ముందుగా పరీక్షిద్దామని రెండు హీటర్లూ పెట్టి తలుపులు మూశాను. తెరిచి చూస్తే అలమరలోని కొవ్వొత్తులు వంగి నమస్కారం పెడుతున్నాయి. ఫ్యాను కింద కూర్చున్నా విసనకర్ర అడిగే మనిషి మీరు. ఆ ఉక్కలో మీకేమైనా అయితే అన్నయ్యగారికి నేనేం సమాధానం చెప్పను? మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నాను.

నేను రోజూ దిండు ఒళ్ళో పెట్టుకుని సాధన చేస్తున్నాను. నిన్న దోమ కుట్టినా కదల్లేదు.

ఇట్లు,
పాప అమ్మమ్మ

తా.క. మీ అబ్బాయి ఉత్తరాలు విప్పుతున్నాడన్నది వట్టి అపోహ. ఎందుకో తెలీదు గానీ, నాకు నల్లదారం ఉండ తెచ్చిచ్చాడు.

*

వదినగారికి,

దోమ కథ చదివి నవ్వుకుంటూ రాస్తున్నాను.

నేనూ సాధన మొదలుపెట్టాను. నిన్న మధ్యాహ్నం ఉలుకూ పలుకూ లేకుండా కుర్చీలో కూర్చున్నాను. మీ అన్నయ్యగారు చూసి, నేను అలిగాననుకున్నారు. ‘ఏమైందే?’ అన్నారు. కదలకూడదు కదా, నేను పలకలేదు. ఇంక చూడండి, ఆ మనిషి నా ఎదురుగా కూలబడి తప్పులన్నీ ఒక్కొక్కటే ఒప్పుకోవడం మొదలుపెట్టారు. నా గాజుకూజా పగలగొట్టింది పిల్లి కాదట! పాపం ఆ పిల్లిని అప్పట్లో ఎన్నేసి మాటలన్నానో. అయినా నేను కదల్లేదు, వదినగారూ. అదీ నా నిగ్రహం.

జుట్టుకి రంగు వేయించాను. మాగిన టమాటా రంగులో కొత్త బట్టలు కూడా కుట్టుకున్నాను.

ఇట్లు,
పాప నాన్నమ్మ

తా.క. ఫోటో అమ్మాయి మీగడరంగు గుడ్డ పంపి, సోఫా కుర్చీకి కవరు కుట్టి పెట్టమంది. కొలతల్లో భుజాలు కూడా రాసింది. కుర్చీకి భుజాలెక్కడివి? ఈ కాలం పిల్లలకి కొలతలు రాయడం కూడా రాదు.

*

వదినగారికి,

పోటీ పక్కనపెట్టి రాస్తున్నాను.

నా కూతురి పసితనం ఫోటోలు పెట్టెనిండా ఉన్నాయి. బోర్లా పడింది, పాకింది, మొదటి అడుగు వేసింది, అన్నీ ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నేను లేను. కెమెరా పట్టుకున్నది నేనే కదా. మొన్న మీ కోడలు ఆ పెట్టె ముందేసుకుని, ‘అమ్మా, నన్ను ఎత్తుకున్న ఫోటో ఒక్కటైనా లేదేంటే?’ అంది. ఆ తప్పిపోయిన ఫోటో ఇప్పుడైనా తీయించుకోవాలని ఉంది. అంతే, వదినగారూ. ఇంకేం లేదు.

ఇట్లు,
పాప అమ్మమ్మ

తా.క. దోమ కుట్టినప్పుడు కదిలాను. దాన్ని చంపాను కూడా.

*

వదినగారికి,

మీరే కూర్చోండి. ఇంక దీనిమీద ఉత్తరం రాస్తే ఒట్టు.

ఇట్లు,
పాప నాన్నమ్మ

తా.క. హీటరు ఒక్కటి చాలు.

*

వదినగారికి,

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నాను. హీటరు వల్ల కాదు.

చక్కగా తయారై, పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానా? ‘అలాగే ఉండండమ్మా’ అంటూ ఆ అమ్మాయి మీరు కుట్టిన కవరు తెచ్చి నా నెత్తిమీంచి దించేసింది! ‘మీరు కనపడకూడదండీ, పాప సోఫా మీద ఒక్కతే పడుకున్నట్టు రావాలి’ అంటుంది. అప్పుడు కెమెరా వెనకాల, ఇప్పుడు గుడ్డ కింద. లోపల ఏడుపొచ్చింది. ఎవరికీ కనపడలేదు, అదొక్కటే లాభం.

ఇంతలో కొత్తగుడ్డ నూగు ముక్కులోకి పోయింది. ఆపుకున్నాను, ఆపుకున్నాను, నా వల్ల కాలేదు. సోఫా తుమ్మింది. ఫోటో అమ్మాయి కెవ్వుమంది. పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది. చేతికి కుట్టులో సందేదో తగిలితే అందులోంచి చెయ్యి బయటపెట్టి జో కొట్టాను. పాప నిద్రపోయింది గానీ, ఫోటోలో నా చెయ్యి పడిందని ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది.

మీరు తలుపు దగ్గర నిలబడి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, కవరు వేయకముందే చూశాను.

ఇట్లు,
సోఫా

తా.క. ఆ కవరు నాకే కొలిచినట్టు సరిపోయింది. ముక్కుకి ఎదురుగా గాలాడే చిల్లు కూడా ఉంది. కుర్చీలకి ముక్కులుంటాయా, వదినగారూ?

*

వదినగారికి,

పెద్ద ఫోటో మా హాల్లో గోడకి తగిలించి, దాని ఎదురుగా కూర్చుని రాస్తున్నాను.

పెట్టెలో ఫోటోల గురించి మీరు రాసిన ఉత్తరం చదివి ఏడ్చాను. అది నిజం. మీరే కూర్చోండని రాయబోతుంటే మా అబ్బాయి వచ్చి, కవరు కుర్చీకి కాదు, కూర్చునే మనిషికని చెప్పాడు. అప్పుడు ఇంకా సంతోషంగా సంతకం పెట్టాను. అదీ నిజమే.

ఆ తర్వాత నిద్ర పట్టలేదు. మీకు చెబితే మీరు మానేస్తారు, ఆ ఫోటో మళ్ళీ తప్పిపోతుంది. అందుకని కవరు విప్పి మళ్ళీ కుట్టాను. మీ బట్టలు కుట్టేది నేనే కదా, మీ కొలతలు నాకు కంఠతా వచ్చు. మీ ముక్కు దగ్గర చిల్లు పెట్టాను. కుడిచెయ్యి దగ్గర కుట్టు వేయకుండా వదిలేశాను. పాప ఏడిస్తే మీరు జో కొట్టకుండా ఉండలేరని నాకు తెలుసు.

ఫోటో అమ్మాయి ఆ చెయ్యి కంప్యూటర్లో చెరిపేస్తానంది. చెరిపితే ఊరుకోనన్నాను. ఇంటికొచ్చినవాళ్ళంతా సోఫాకి చెయ్యేంటని అడుగుతున్నారు. మా వదినగారని చెబుతున్నాను.

మీ కూతురు నిన్న వచ్చి ఆ చేతిని చూస్తూ చాలాసేపు నిలబడింది.

ఇట్లు,
పాప నాన్నమ్మ

తా.క. పాప కూర్చునే ఈడు వచ్చాక మళ్ళీ తీయిద్దాం. నా టమాటా బట్టలు ఎలాగూ ఎవరికీ కనపడవు. ఈసారి ఇద్దరికీ కలిపి కవరు కుడుతున్నాను, రెండు సీట్ల సోఫా.