అతుక్కుపోయిన ఇస్పేటు ఏడు

డిసెంబరు, మంగళవారం రాత్రి. వాన నాలుగో రోజు.

ఒక్కదాన్నే ఆడుకునే పేకాట ఇది: రెండు పేక కట్టలు కలిపి పది వరసలు పేర్చాలి. ఒకే గుర్తులో రాజు నుంచి ఆసు దాకా ఎనిమిది సార్లు దింపితేనే గెలుపు. నాకేమో ప్రతిసారీ ఒక ఇస్పేటు ఏడు కనబడక అక్కడే ఆగిపోతోంది.

సాయంత్రం మా ఆయన జ్వరంతో మంచం మీంచే అడిగాడు: "ఏటే, కాఫీ గింజలు తిరగేసినావా?"

"తిరగేసినాను" అన్నాను, ముక్కల మీంచి తలెత్తకుండా. వానకి వసారాలో కుప్పపోసిన గింజల్ని రోజూ తిరగేయకపోతే లోపల ఉడికిపోతాయి; ఈ ఒక్క ఆట అయ్యాక తిరగేద్దామనుకుంటూ రెండు రోజులు గడిపేశాను.

తర్వాత ఆ ఏడు దొరికింది. చెమ్మకి ఉబ్బి, ఆఠీను రాణి వెనక అతుక్కుపోయి ఉంది. గోటితో విడదీస్తుంటే గింజలు గుర్తొచ్చాయి. వసారాలోకి పరిగెత్తి గింజల కుప్పలో చెయ్యి పెట్టాను. పైన చల్లగానే ఉంది. అడుగున వేడి. గుప్పెట్లోకి బూజు పట్టిన ముద్దలు వచ్చాయి. ఏడాది పంటంతా అదే.

ఎన్నిసార్లు కడిగినా వేళ్లకి ఆ పులిసిన వాసన పోవడం లేదు. దేవుడా, ఎలా చెప్పను?

నేను ఏడుస్తున్నది వినపడిందేమో, ఇప్పుడే ఆయన అన్నాడు: "వానకి బయపడతన్నావేటి? నువ్వు తిరగేసినావు కదా, గింజకేటీ అవదు. పడుకో."

అని, అటు తిరిగి హాయిగా నిద్రపోయాడు.